ఎడారి ముచ్చట్లు: మా గుమ్మం ముందు ఆగిన పండుగ

గత నెల ఈ శీర్షికలో చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు ఉపవాసాలుంటే తీసుకోవలసిన జాగ్రత్తల గురించి రాశాం. చదివిన సోదరీమణులు ఇద్దరు ముగ్గురు ఫోను చేసి, "డాక్టరమ్మగారూ, ఎప్పుడూ మందులేనా? కాస్త పండుగ కబుర్లు కూడా రాయండి" అన్నారు. సరే, రాస్తున్నాం. అయితే ఇది మన పండుగ కాదు, మనకు అన్నం పెడుతున్న ఈ దేశం వాళ్ళది. ఆ పండుగనాడు మేము చేసిన పొరపాటు ఒకటుంది. ముందు అది చెప్పేసుకుంటే మనసు తేలిక పడుతుంది.

మేము దోహా వచ్చింది 2018 ఫిబ్రవరిలో. మా శ్రీవారికి రాస్ లఫాన్‌లో గ్యాసు ప్లాంటులో ఉద్యోగం. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివిన చదువు పుణ్యమా అని మాకు కూడా ఇక్కడ ఆసుపత్రిలో పని దొరికింది. మదీనత్ ఖలీఫాలో ఒక పాత విల్లాను నాలుగు వాటాలు చేసి అద్దెకిస్తుంటే, వీధివైపు వాటాలో దిగాం. ఆ సందులో సగం ఇళ్ళు ఖతరీలవి, సగం మనలాంటి వాళ్ళవి. మా గోడకు ఆనుకుని ఒక పెద్ద ఉమ్మడి కుటుంబం ఉండేది. రాకపోకలు లేవు. కారు దిగేటప్పుడు ఎదురుపడితే ఒక సలాం, అంతే.

ఆ ఏడు రంజాన్ మే నెల మధ్యలో వచ్చింది. పగలంతా వడగాలి. సందులో పిల్లి కూడా తిరిగేది కాదు. నెల సగం గడిచిన ఒక సాయంత్రం, మగ్రిబ్ నమాజు అయిన కాసేపటికి, మా గేటు దబదబా మోగింది. మా శ్రీవారు షిఫ్టులో ఉన్నారు. మా అమ్మాయికి అప్పటికి రెండున్నరేళ్ళు. కిటికీ తెర తొలగించి చూశాం. పది పన్నెండు మంది పిల్లలు. ఆడపిల్లలు బంగారు జరీ మెరిసే గౌనులు వేసుకుని, తలమీంచి ఛాతీ దాకా జారే నల్లటి జరీ ముసుగులు కప్పుకున్నారు. మగపిల్లలు తెల్లటి తోబులు, టోపీలు, పైన కుట్టుపని చేసిన చిన్న చొక్కాలు తొడుక్కున్నారు. అందరి మెడల్లోనూ గుడ్డ సంచులు. అందరూ ఒకటే గొంతుతో ఏదో పాడుతున్నారు.

పరాయి దేశం, అర్థం కాని భాష, ఒంటరిగా ఉన్న ఇల్లు. తలుపు తియ్యాలా వద్దా అని కాసేపు తటపటాయించాం. రంజాన్ నెలలో దానాలు చేస్తారని విని ఉన్నాం కదా, సంచులు చూసి చందాకు వచ్చారనుకున్నాం. పర్సులోంచి ఒక్కొక్క రియాలు నోటు తీసి పిల్లల చేతుల్లో పెట్టాం. పాట ఆగిపోయింది. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చిన్నవాడొకడు సంచి నోరు తెరిచి చూపించి ఏదో చెప్పబోయాడు. వాళ్ళలో పెద్దపిల్ల, పదేళ్ళుంటాయేమో, నోట్లన్నీ పోగుచేసి మర్యాదగా మా చేతిలో పెట్టి "షుక్రన్" అని, మిగతావాళ్ళను తోలుకుపోయింది. తలుపు వేసుకున్నాం. ఏం తప్పు చేశామో తెలియదు కానీ, చేశామని మాత్రం తెలిసింది.

పావుగంటకు మళ్ళీ గేటు చప్పుడు. ఈసారి పక్కింటి పెద్దావిడ. వెనక ఆ ఇంట్లో పనిచేసే మలయాళీ ఆమె, చేతిలో పెద్ద వెదురు బుట్ట. పెద్దావిడ లోపలికి వచ్చి కూర్చుని, "దక్తూరా, పైసా నహీ" అని మొదలుపెట్టారు. ఆవిడకు హిందీ వచ్చని మాకప్పటిదాకా తెలియదు. "ఇది పైసలడిగే రాత్రి కాదమ్మా. గరంగావో. ఆ పిల్లలు వాళ్ళ తాత ఇంటికి వెళ్ళారు, మేనమామ ఇంటికి వెళ్ళారు, మీ ఇంటికీ వచ్చారు. మీ గుమ్మం ఈ సందులో ఉంది కాబట్టి వచ్చారు. ఇంకా పిల్లలొస్తారు. నువ్వే నిలబడి పెట్టాలి" అంటూ బుట్టలోది సగం మా స్టీలు బేసినులోకి దింపించారు. వేరుశనగ కాయలు, అక్రోట్లు, బాదంపప్పు, ఎండు అంజీరలు, రంగు కాగితాల్లో చుట్టిన మిఠాయిలు. ఆ రాత్రి తొమ్మిది దాటేదాకా ఎరువు తెచ్చుకున్న పప్పులతో గుమ్మంలో నిలబడి, వచ్చిన పిల్లలందరి సంచుల్లోనూ గుప్పెడు గుప్పెడు పోశాం. ఇందాకటి పెద్దపిల్ల మళ్ళీ వచ్చింది. ఈసారి పాట పూర్తిగా పాడి మరీ వెళ్ళింది.

తరవాత నెమ్మదిగా తెలుసుకున్న సంగతులివి. గరంగావో రంజాన్ 14వ రాత్రి వస్తుంది. నెల సగం అయింది, ఉపవాసం అలవాటు చేసుకుంటున్న చిన్నపిల్లలకు ఇది శభాష్ చెప్పే రాత్రి. పాట సారాంశం మనకూ తెలిసినదే: మాకు పెట్టండి, దేవుడు మీకిస్తాడు, మక్కాకు చేరుస్తాడు అని. పప్పులూ కాయలూ ఒకదానికొకటి తగిలి గలగలలాడే చప్పుడులోంచి ఆ పేరు పుట్టిందంటారు. గల్ఫ్ తీరమంతా ఇది ఉంది. కువైట్‌లో గిర్గియాన్ అంటారు. ఒమన్‌లో ఖరన్‌ఖషూ అంటారు. ఎమిరేట్స్‌లో ఇలాంటిదే హఖ్ అల్ లైలా అని, అది ఒక నెల ముందు షాబాన్ నెల మధ్యలో వస్తుంది.

వాళ్ళ నెలలకు మన అధిక మాసం లాంటి సర్దుబాటు లేదు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి ఏటా పండుగ ఇంచుమించు 11 రోజులు వెనక్కి జరుగుతుంది. 2018లో మండుటెండల్లో చూసిన గరంగావో 2025కు మార్చి మధ్యకు, చల్లని సాయంత్రాలకు వచ్చేసింది. ఎప్పుడొచ్చినా ఆకాశంలో మాత్రం పున్నమికి దగ్గరపడిన చంద్రుడుంటాడు. వీధి దీపాలు లేని రోజుల్లో పిల్లలను ఇల్లిల్లూ తిప్పడానికి ఆ వెన్నెల ఎంత ఉపయోగపడేదో ఊహించుకోవచ్చు.

పెద్దావిడ హిందీ వెనకా ఒక కథ ఉంది. చమురు రాకముందు ఈ దేశం ముత్యాల మీద బతికింది, ఆ ముత్యాలు అమ్ముడుపోయేది బొంబాయిలో. ఆవిడ తండ్రి ముత్యాల పడవల్లో పనిచేసినవాడు. ఆవిడ చిన్నతనంలో ఇక్కడ చెల్లుబాటైన డబ్బు మన రూపాయే. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించాక ఆ చలామణి ఆగిపోయింది. "మీ రూబియాతోనే మేము మిఠాయి కొనుక్కునేవాళ్ళం" అని ఆవిడ నవ్వేవారు. ఈ ఊరికి మేమేదో కొత్తగా వచ్చామనుకుంటాం కానీ, మన రూపాయి మనకంటే ముందే వచ్చి కాపురం చేసి వెళ్ళింది.

ఆ రాత్రి బేసిను కడుగుతుంటే మాకు అమ్మ గుర్తుకొచ్చింది. ఆవిడ చిన్నప్పుడు కోనసీమలో దసరాకు బడి పంతులుగారు పిల్లలను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారట. రంగు కాగితాలు చుట్టిన వెదురు విల్లంబులు పట్టుకుని పద్యాలు పాడితే, ప్రతి ఇంటివాళ్ళూ పంతులుగారికి ఏదో ఒకటి ఇచ్చి, పిల్లలకు పప్పు బెల్లాలు పెట్టేవారట. అమ్మ చెప్పగా విన్నదే కానీ మేము చూసింది లేదు. మా నాటికి ఊళ్ళో కాన్వెంటు వచ్చింది, దసరాకు సెలవులిచ్చి పంపేసేవారు. మా అమ్మ చిన్నతనం మా ఊళ్ళో మాకు దొరకలేదు. దోహాలో, పరాయి భాషలో, మా గేటు తట్టింది. దాని చేతిలో మేము రియాలు నోటు పెట్టి పంపించబోయాం!

మేము కళ్ళారా చూసింది ప్రభల తీర్థం. కనుమనాడు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు జగ్గన్నతోటకు చేరతాయి. ఎత్తయిన ప్రభను మనుషులు భుజాల మీద మోసుకొస్తారు. దారిలో వరిచేలున్నా, కౌశిక ఉన్నా ఆగరు, దిగి దాటిపోతారు. పచ్చటి చేను తొక్కుడుపడి నలిగిపోతుంది. అయినా ఏ రైతూ నా చేను పాడయిందనడు. పైగా ప్రభ మా చేను మీదుగా వెళ్ళిందని చెప్పుకుంటాడు. చిన్నప్పుడు మాకది వింతగా ఉండేది. గరంగావో రాత్రి గుమ్మంలో నిలబడ్డాక ఆ రైతు సంతోషం అర్థమైంది. పండుగను గట్టున నిలబడి ఎన్నేళ్ళు చూసినా చూసినట్టే. అది మన చేలోంచి నడిచి వెళ్ళాలి. మన చేతినుంచి ఎంతో కొంత తీసుకుపోవాలి. అప్పుడే అందులో మనకూ పాలున్నట్టు.

2019లో మేము ముందే సిద్ధమయ్యాం. సూఖ్ వాఖిఫ్‌కు వెళ్ళి బస్తాల్లో పోసి అమ్మే పప్పులు కిలోల లెక్కన తెచ్చాం. మా అమ్మాయికి మూడున్నరేళ్ళు వచ్చాయి. పాత ఉప్పాడ చీర అంచుతో సంచి కుట్టాం. ఖతరీ పిల్లల్లా ముసుగు వెయ్యాలా, మన పట్టు పరికిణీ వెయ్యాలా అని ఇంట్లో పెద్ద చర్చ. వాళ్ళ బట్టలు వేస్తే వేషం కట్టినట్టుంటుందేమోనని ఒక బెంగ, మన బట్టలు వేస్తే వేరుగా కనిపిస్తుందేమోనని ఇంకొక బెంగ. చివరకు పరికిణీయే కట్టి పంపాం. పెద్దావిడ మనవరాళ్ళు దాని చుట్టూ చేరి అంచు పట్టుకుని చూసి "జరీ! జరీ!" అని కేక పెట్టారు. జరీని వాళ్ళూ జరీ అనే అంటారు. వాళ్ళ పండుగ గౌనుకు పేరే అది. మా బెంగ తీరిపోయింది. అమ్మాయి వాళ్ళ చెయ్యి పట్టుకుని సందు చివరిదాకా వెళ్ళి, సంచి మొయ్యలేక ఈడ్చుకుంటూ తిరిగి వచ్చింది.

2020 సంగతి మీకెవరికీ చెప్పనక్కరలేదు. ఆ ఏడు గరంగావో మే మొదట్లో వచ్చింది. మేము కోవిడ్ వార్డులో పనిచేస్తున్నాం. ఇంటికి వచ్చినా వేరే గదిలో ఉండి, అమ్మాయిని తలుపు అద్దంలోంచే చూసుకుంటున్నాం. పద్నాలుగో రాత్రి సందంతా నిశ్శబ్దం. ఎవరూ ఎవరి గేటూ తట్టలేదు. తెల్లవారుజామున డ్యూటీకి బయలుదేరుతుంటే గేటు కొక్కేనికి ఒక సంచి వేలాడుతోంది. లోపల పప్పులు, ఒక చిన్న కాగితం మీద మలయాళీ ఆమె చేత రాయించిన ఇంగ్లీషు మాట: అమ్మాయి వాటా అని. వార్డులో ఎన్నో చూసి గట్టిపడ్డామనుకున్న మేము, ఆ సంచి పట్టుకుని కారులో కాసేపు కదలకుండా కూర్చుండిపోయాం.

ఇంత జరిగాక కూడా 2022లో మేము ఆ ఇల్లు ఖాళీ చేశాం. పాప బడికి దగ్గర, ఈత కొలను ఉంది, కాపలా ఉంది అని ఒక కాంపౌండులోకి మారాం. మనలో చాలామందిమి ఇప్పుడు అలాంటి చోట్లే ఉంటున్నాం కదా. గేటు దగ్గర పేరు రాసి, ఫోను చేసి అడిగితే కానీ ఎవరినీ లోపలికి వదలరు. తరవాతి రంజాన్‌కు గరంగావో క్లబ్ హాల్లో జరిగింది. దీపాలు, మైకులో పాట, తలా ఒక రంగు పెట్టె. పెట్టెలో చాక్లెట్లు, ప్లాస్టిక్ బొమ్మ. ఏర్పాటు చేసినవాళ్ళ శ్రద్ధకు లోపం లేదు. కతారాలోనూ, సూఖ్ వాఖిఫ్‌లోనూ జరిపే ఉత్సవాలూ చూశాం, అవీ బాగానే ఉంటాయి. అయినా మా అమ్మాయి పట్టు పరికిణీ కట్టుకుని, ఉప్పాడ సంచి మెడలో వేసుకుని, క్లబ్ హాలు మధ్యలో నిలబడి అడిగింది: "అమ్మా, ఎవరింటికి వెళ్ళాలి?"

మా దగ్గర జవాబు లేదు. వెళ్ళడానికి ఇల్లు లేదు. మా ఇంటికి రావడానికి దారి లేదు. భద్రత కోసం కట్టుకున్న గోడ పండుగను కూడా బయటే నిలబెట్టింది.

డాక్టరు రాసే శీర్షిక కాబట్టి ఇక్కడ నాలుగు మందు ముక్కలు. గరంగావో పెట్టే ఇళ్ళలోనూ, తెచ్చుకునే ఇళ్ళలోనూ గుర్తుంచుకోండి: అయిదేళ్ళలోపు పిల్లలకు గింజలు, పప్పులు గింజల పళంగా పెట్టకూడదు. పల్లీ పలుకు ఊపిరి గొట్టంలోకి జారితే ఎక్కువగా కుడివైపు ఊపిరితిత్తి దారిలో ఇరుక్కుంటుంది. పప్పులు తింటూ ఆడుతున్న బిడ్డ ఉన్నట్టుండి పొరబోయినట్టు గట్టిగా దగ్గి, తరవాత మామూలుగా ఉన్నా సరే, పోయిందిలే అని ఊరుకోకండి. పల్లీ ఎక్స్‌రేలో కనిపించదు. ఎక్స్‌రే బాగుందంటే గొట్టంలో ఏమీ లేదని కాదు. ఏం తింటుండగా దగ్గు మొదలైందో ఆసుపత్రిలో తప్పకుండా చెప్పండి. సగం వైద్యం ఆ ఒక్క మాటలో ఉంది. చిన్నపిల్లల సంచుల్లో గింజ తీసి ముక్కలు చేసిన ఖర్జూరం వేస్తే ముచ్చటా తీరుతుంది, ప్రమాదమూ ఉండదు. పల్లీలు, బాదం లాంటివి పడని పిల్లలుంటే వాళ్ళ సంచి తల్లి చూశాకే తెరవాలి.

మళ్ళీ మా కథకు వస్తాం. 2025 మార్చిలో గరంగావో నాడు సాయంత్రం అమ్మాయిని, కొనుక్కొచ్చిన రెండు బస్తాల పప్పులను కారులో వేసుకుని పాత సందుకు వెళ్ళాం. తొమ్మిదేళ్ళ పిల్ల, సంచి ఇప్పుడు మెడకు సరిగ్గా సరిపోయింది. పెద్దావిడ చక్రాల కుర్చీలో, తెరిచిన గేటు దగ్గరే కూర్చుని పెడుతున్నారు. మమ్మల్ని చూసి మొదట కోప్పడ్డారు. "మూడేళ్ళు! రోడ్డు మూసేశారా?" అన్నారు. తరవాత అమ్మాయి సంచిలో రెండు చేతులా పోశారు. మేము కూడా ఆవిడ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చిన పిల్లలకు మా బస్తాలోంచి పెట్టాం. మొదటి ఏడు నోట్లు తిరిగిచ్చిన పిల్ల ఇప్పుడు కాలేజీ ఈడుకు వచ్చింది. తన తమ్ముళ్ళను వరసలో నిలబెడుతోంది. మమ్మల్ని గుర్తుపట్టి నవ్వింది. ఏం గుర్తొచ్చి నవ్విందో మేము అడగలేదు.

కాస్త సందడి తగ్గాక పెద్దావిడ ఒక మాట అడిగారు. "దక్తూరా, మీ పండుగకు మా పిల్లలు ఎప్పుడు రావాలి?"

ఎగతాళి కాదు, ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అడిగారు. ఏడేళ్ళయింది ఈ దేశం వచ్చి. ఆవిడ పప్పులు తిన్నాం, ఆవిడ కాఫీ తాగాం. మన సంక్రాంతి, ఉగాది, దసరా అన్నీ మనవాళ్ళ మధ్యే హాలు మాట్లాడుకుని, పులిహోర పొట్లాలు లెక్కపెట్టుకుని చేసుకున్నాం. ఒక్కసారీ ఆవిడ గుర్తు రాలేదు. వాళ్ళు మనల్ని కలుపుకోరని మన కూటముల్లో తరచూ వినే మాట, మేము కూడా ఎన్నోసార్లు అన్నాం. ఆ రాత్రి ఆ మాట గొంతు దాటి రాలేదు.

అదృష్టం కొద్దీ సమాధానానికి ఎక్కువ రోజులు ఆగనక్కరలేకపోయింది. ఆ ఏడు మన విశ్వావసు నామ సంవత్సర ఉగాది, ఇక్కడి ఈద్ ఒకే రోజున, మార్చి 30న వచ్చాయి. పొద్దున్నే పచ్చడి కలిపి గిన్నెలో పోసుకుని ముగ్గురం వెళ్ళాం. ఈద్ కోసం ఇల్లంతా చుట్టాలు. పెద్దావిడ ముందు చెంచాడు నాలిక మీద వేసుకుని, వేపపువ్వు తగలగానే కళ్ళు మూసుకున్నారు. ఇదేమిటని చుట్టూ ఆడవాళ్ళు అడిగితే అమ్మాయే అరబ్బీలో చెప్పింది: ఏడాదిలో తీపీ చేదూ అన్నీ వస్తాయని ముందే తింటామని. పెద్దావిడ ఏమీ అనలేదు. చక్కెర లేని కహ్వా ఒక చిన్న కప్పులో పోయించి, పక్కన ఒక ఖర్జూరం పెట్టి మా వైపు జరిపారు. చేదు, తీపి. వాళ్ళు అది రోజూ తింటున్నారు. మనమే గమనించలేదు.

ఇక అసలు విన్నపం. రాబోయే దసరాకు మన సంఘం పిల్లలతో పప్పు బెల్లాలు మళ్ళీ మొదలుపెడదామని మా ఆలోచన. హాల్లో కాదు, ఇళ్ళకే. మొదటి ఏడు పది ఇళ్ళు చాలు, కానీ ఆ పదింటిలో కనీసం మూడు మనవాళ్ళవి కానివి ఉండాలి. ముందుగా వెళ్ళి అడిగి, వాళ్ళు సరేనంటేనే. ఒక ఇల్లు ఇప్పటికే సరేనంది, అది ఏదో మీకు చెప్పనక్కరలేదు. పద్యాలు వచ్చిన పెద్దలు పిల్లలకు నేర్పాలి. సంచులు కుట్టడానికి పాత చీరల అంచులు కావాలి. విల్లంబులకు వెదురు ఇక్కడ దొరకకపోతే ఏం చెయ్యాలో మా శ్రీవారు ఆలోచిస్తున్నారు, ప్లాంటులోంచి మాత్రం ఏమీ తేవద్దని చెప్పాం. ఎవరెవరు కలుస్తారో వచ్చే నెల సమావేశంలో కార్యదర్శిగారికి చెప్పండి. పప్పులు మేము తెస్తాం. అయిదేళ్ళలోపు వాళ్ళకు బెల్లం ముక్క మాత్రమే.